ఫాస్ట్ కార్ అసలు ఎవరి పాట? ఒరిజినలా, కవర్లా?

హాస్టల్_గిటార్
అందరికీ నమస్తే. మా కాలేజీ ఫెస్ట్‌లో ఒక ఇంగ్లీష్ పాట పాడాలి, గిటార్ కూడా నేనే వాయించుకోవాలి. 'ఫాస్ట్ కార్' అనుకున్నాను. దాంతో రూమ్‌లో గొడవ మొదలైంది. నేను విన్నది ల్యూక్ కోంబ్స్ పాడింది. నా రూమ్మేట్ అది డీజే జోనస్ బ్లూ పాట అంటాడు, వాడి జిమ్‌లో రోజూ అదేనట. ఒక సీనియర్ వచ్చి "ఇద్దరిదీ కాదురా, ట్రేసీ చాప్‌మన్‌ది, వీళ్ళవి కవర్లు, ఆవిడ పాటని మళ్ళీ పాడినవి" అనేసి చక్కాపోయాడు. వెతికి ఒరిజినల్ విన్నాను. ఇప్పుడు రెండు డౌట్లు. ఏ వెర్షన్ చూసి నేర్చుకోవాలి? ఇంకోటి, పాటలో కథ చెప్పేది అమ్మాయి. మార్కెట్‌లో చెకవుట్ గర్ల్‌గా పనిచేస్తున్నానని అంటుంది. నేను మగాణ్ణి, ఆ ముక్క మార్చి పాడాలా? కోంబ్స్ మార్చలేదు. స్టేజి మీద అందరూ నవ్వుతారేమోనని టెన్షన్.

పాతక్యాసెట్
మీ సీనియర్‌కి నా తరఫున ఒక టీ ఇప్పించండి బాబూ.

అది ట్రేసీ చాప్‌మన్ మొట్టమొదటి సింగిల్ (విడిగా విడుదల చేసిన పాట), 1988 ఏప్రిల్‌లో వచ్చింది. ఆవిడ పేరుతోనే వచ్చిన మొదటి ఆల్బమ్‌లో రెండో పాట. అప్పటికి ఆవిడకి 24 ఏళ్ళు. ఊరు ఒహాయోలోని క్లీవ్‌లాండ్. స్కాలర్‌షిప్ మీద కనెటికట్‌లో ఒక ప్రైవేటు బడిలో చదువుకుంది, తర్వాత బోస్టన్ పక్కన టఫ్ట్స్ యూనివర్సిటీలో ఆంత్రోపాలజీ. ఆ రోజుల్లోనే హార్వర్డ్ స్క్వేర్‌లో వీధిపక్కన నిలబడి గిటార్ వాయిస్తూ పాడేది. తోటి విద్యార్థి బ్రయన్ కాపెల్‌మన్ విని, మ్యూజిక్ పబ్లిషింగ్‌లో ఉన్న వాళ్ళ నాన్న దగ్గరికి తీసుకెళ్ళాడు. అలా ఎలక్ట్రా రికార్డు కంపెనీ దాకా వెళ్ళింది. ప్రొడ్యూసర్ డేవిడ్ కెర్షెన్‌బామ్.

ఇక్కడ ఒకటి గమనించాలి. 1988లో అమెరికన్ రేడియో అంతా సింథసైజర్లు, డ్రమ్ మెషీన్లే. అలాంటి టైములో ఒక నల్లజాతి అమ్మాయి అకూస్టిక్ గిటార్ పట్టుకుని, ఇల్లు లేని పేదరికం గురించి ఐదు నిమిషాల కథ చెబుతానంటే ఏ కంపెనీ అయినా రెండుసార్లు ఆలోచిస్తుంది. పైగా అందులో కోరస్ ఎంతకీ రాదు. తాగుబోతు తండ్రి, వదిలేసి వెళ్ళిన తల్లి, మానేసిన చదువు, ఇవన్నీ చెప్పాకే డ్రమ్స్ పడతాయి.

బీట్_రాజా
జిమ్‌లో వేసేది జోనస్ బ్లూదే. 2015 చివర్లో వచ్చింది, పాడిన అమ్మాయి డకోటా. బ్రిటన్ చార్ట్‌లో 2వ స్థానం, ఆస్ట్రేలియాలో 1. చాప్‌మన్ ఒరిజినల్ 1988లో బ్రిటన్‌లో 5, అమెరికాలో 6. లెక్కలో జోనస్ అన్నయ్యే పెద్ద. 😎

గోదారి_గట్టు
ఆ లెక్క సగమే చెప్పారు సార్. 2011లో బ్రిటన్స్ గాట్ టాలెంట్ అనే టీవీ పోటీ ఆడిషన్‌లో ఒక కుర్రాడు ఇదే పాట పాడితే, జనం వెళ్ళి ఒరిజినల్ కొన్నారు. అప్పుడది 4వ స్థానానికి ఎక్కింది. అంటే విడుదలైన 23 ఏళ్ళకి ముందుకన్నా పైకి! కవర్ చేసిన మేలు అంటే అదీ.

హాస్టల్_గిటార్
@పాతక్యాసెట్ గారు, థాంక్యూ సర్. మరి అంత స్లో పాట అంత పెద్ద హిట్ ఎలా అయింది? అప్పట్లో రీల్స్ కూడా లేవు కదా.

పాతక్యాసెట్
వెంబ్లీ వల్ల.

1988 జూన్ 11. నెల్సన్ మండేలా ఇంకా జైల్లోనే ఉన్నాడు. ఆయన డెబ్భయ్యో పుట్టినరోజు పేరుతో లండన్‌లోని వెంబ్లీ స్టేడియంలో రోజంతా కచేరీ పెట్టారు. టీవీలో 67 దేశాలకి ప్రసారం. చాప్‌మన్ పగటిపూటే తన వంతు పాటలు పాడేసి దిగిపోయింది. సాయంత్రం స్టీవీ వండర్ స్టేజి ఎక్కాల్సిన టైముకి, ఆయన సింక్లావియర్ అనే ఎలక్ట్రానిక్ వాయిద్యానికి సంబంధించిన హార్డ్ డిస్క్ కనిపించలేదు. ఆయన సంగీతమంతా అందులోనే ఉంది. అది లేకుండా పాడలేనని ఏడుస్తూ వెళ్ళిపోయాడు. స్టేజి ఖాళీ, ఎదురుగా అంత జనం, లైవ్ టీవీ. ఎవర్ని పంపాలి? బ్యాండ్ అమర్చుకోవక్కర్లేని మనిషి కావాలి. ఒక గిటార్, ఒక మైకు చాలు అనే మనిషి అక్కడ ఒక్కరే ఉన్నారు.

ఆవిడ మళ్ళీ వచ్చి ఫాస్ట్ కార్ పాడింది. ఆ తర్వాత ఆల్బమ్ అమెరికాలోనూ బ్రిటన్‌లోనూ నంబర్ వన్. మరుసటి ఏడాది మూడు గ్రామీ అవార్డులు. (స్టీవీ వండర్ తర్వాత తిరిగొచ్చి పాడాడు లెండి.)

చికాగో_చలి
ఆ వీడియో యూట్యూబ్‌లో చూడొచ్చు. స్టేజి ఎక్కి ఒక్క మాట అదనంగా మాట్లాడదు. మొదట్లో జనం గోల వినిపిస్తూనే ఉంటుంది, పోనుపోను తగ్గుతుంది.

నేను 2009లో ఎమ్మెస్‌కి వచ్చినప్పుడు హైవే పక్కన ఒక గ్యాస్ స్టేషన్‌లో రాత్రి షిఫ్టు చేశాను. అందరికీ తెలిసిన కథే, వివరాలు వద్దు. అక్కడి రేడియోలో మొదటిసారి విన్నాను. కన్వీనియన్స్ స్టోర్‌లో పని చేసి కొంచెం డబ్బు దాచానని ఆ అమ్మాయి చెప్పే చోట కౌంటర్ వెనక నిలబడి ఉన్నాను. అప్పటిదాకా ఇంగ్లీష్ పాటలంటే ప్రేమ, పార్టీ అనుకునేవాణ్ణి. గంటకి ఇంత అని వచ్చే జీతం గురించి కూడా పాట రాస్తారని అప్పుడే తెలిసింది.

సుస్వర_లహరి
పాట గురించి ఇంత మాట్లాడుతున్నారు, కథ పూర్తిగా ఎవరూ చెప్పలేదు. వినని వాళ్ళ కోసం నా మాటల్లో చెబుతాను.

ఒక అమ్మాయి. తండ్రి తాగుతాడు, ఒళ్ళు పనికి సహకరించదు. ఈ బతుకు వద్దని తల్లి వెళ్ళిపోయింది. నాన్నని చూసుకోవడానికి ఈ పిల్ల చదువు మానేసింది. ఒక అబ్బాయి ఉన్నాడు, అతనికి వేగంగా వెళ్ళే కారు ఉంది. ఇద్దరూ ఊరు దాటి పట్నం వెళ్ళి బతుకుదామని ఈమె ఆశ. వెళ్తారు. ఈమెకి కౌంటర్‌లో పని దొరుకుతుంది, అతనికి దొరకదు. షెల్టర్ నుంచి బయటపడి పెద్ద ఇంటికి మారదామనుకుంటుంది. చివరికి బిల్లులన్నీ కట్టగలిగే ఉద్యోగం ఈమెకి వస్తుంది. అతను మాత్రం బార్‌లోనే రాత్రి దాకా, పిల్లల కంటే స్నేహితుల్నే ఎక్కువ చూస్తాడు. మొదట్లో 'మనం వెళ్ళిపోదాం' అన్న పిల్లే ఆఖర్న 'నీ కారు తీసుకుని నువ్వు వెళ్ళు' అంటుంది.

తండ్రి ఇంట్లో చూసిందే మొగుడి ఇంట్లోనూ వచ్చింది. కానీ ఈమె తల్లిలా వెళ్ళిపోలేదు, అతన్ని పొమ్మంది. నాకు పాటంతా అక్కడే ఉంది. మధ్యలో వచ్చే కోరస్ ఒకటే సంతోషం: కారులో వెళ్తుంటే అతని చెయ్యి భుజం మీద ఉన్న ఒక రాత్రి. అది జరిగిపోయిన జ్ఞాపకం, ఇప్పుడు జరుగుతున్నది కాదు. కొన్ని చరణాలకోసారి అదే జ్ఞాపకం తిరిగొస్తుంది, వచ్చిన ప్రతిసారీ ఇంకొంచెం దూరమైపోయి ఉంటుంది. రాసింది ఇరవై రెండు, ఇరవై మూడేళ్ళ పిల్ల అంటే నాకు అసూయగా ఉంది.

బీట్_రాజా
అక్కా, ఈ కథ తెలియక ఇన్నాళ్ళు డాన్స్ ఫ్లోర్ మీద వేశాను. 😐

సుస్వర_లహరి
@బీట్_రాజా వేయి తమ్ముడూ, తప్పేముంది. కానీ ఆ వెర్షన్‌లో చరణానికీ కోరస్‌కీ తేడా ఉండదు, రెండూ ఒకే హుషారు. ఒరిజినల్‌లో చరణమంతా ఒకే గిటార్ వరస తిరుగుతూ ఉంటుంది, ఎక్కడికీ వెళ్ళదు, ఆ అమ్మాయి బతుకూ అంతే. కోరస్‌లో డ్రమ్స్ పడగానే కారు కదిలినట్టవుతుంది. మొదటి నుంచీ బీట్ ఉంటే కారు కదిలిందని తెలిసేదెలా?

బీట్_రాజా
ఒప్పుకోను. అంత బీట్ మీద అంత దిగులు మాటలు పడితే అదో రకం బాధ. జనం చేతులు పైకెత్తి పాడుతుంటారు, పాడేదేమో తాగుబోతు నాన్న గురించి. మన పెళ్ళి బ్యాండ్ వాళ్ళు విషాద గీతాన్ని తీన్‌మార్‌లో కొట్టినా జనం ఎగురుతారు కదా.

గోదారి_గట్టు
బరాత్‌లో విడాకుల పాట 🤣

నల్లకోటు
ఒక సందేహం ఎవరూ అడగలేదు గానీ అడుగుతారని తెలుసు: వీళ్ళంతా చాప్‌మన్ పర్మిషన్ తీసుకున్నారా?

అమెరికాలో మామూలు కవర్‌కి అక్కర్లేదు. ఒక పాట ఒకసారి రికార్డయి బయటికొచ్చాక, ఎవరైనా దాన్ని మళ్ళీ పాడి రికార్డు చేసుకోవచ్చు. చట్టం నిర్ణయించిన రాయల్టీని పాట రాసినవాళ్ళకి కట్టాలి, అంతే. 2023లో ఒక్కో డౌన్‌లోడ్‌కి లేదా సీడీకి 12 సెంట్లు. రాసినవాళ్ళు వద్దన్నా ఆపలేరు. కాకపోతే బాణీ మూలరూపాన్నీ మాటల్నీ ఇష్టమొచ్చినట్టు మార్చడానికి వీల్లేదు, సినిమాకో ప్రకటనకో వాడాలంటే మాత్రం విడిగా అడగాల్సిందే.

అసలు తమాషా రేడియోలో ఉంది. అమెరికాలో మామూలు ఎఫ్ఎం, ఏఎం స్టేషన్లు పాట వేస్తే డబ్బు పాట రాసినవాళ్ళకీ పబ్లిషర్‌కీ వెళ్తుంది, పాడినవాళ్ళకి రాదు. అంటే కోంబ్స్ పాట దేశమంతా కంట్రీ (అమెరికా పల్లెల నుంచి పుట్టిన సంగీతం) రేడియోలో మోగినన్నాళ్ళూ ఆ రేడియో డబ్బు చాప్‌మన్‌ వైపు వెళ్ళింది, కోంబ్స్‌కి కాదు. ఈ పాటకి రచయిత ఆవిడ ఒక్కరే, పంచుకునేవాళ్ళు కూడా లేరు. స్ట్రీమింగ్‌లో మాత్రం లెక్క తిరగబడుతుంది, అక్కడ రికార్డింగ్ ఎవరిదో వాళ్ళకే పెద్ద వాటా.

హాస్టల్_గిటార్
వావ్. మరి నేను ఫెస్ట్‌లో పాడితే?

నల్లకోటు
కాలేజీ స్టేజి మీద టికెట్ లేకుండా పాడితే నీ వెనక ఎవరూ పడరులే. వీడియో తీసి యూట్యూబ్‌లో పెడితే మాత్రం కాంటెంట్ ఐడీ (పాటల్ని గుర్తుపట్టే యూట్యూబ్ ఏర్పాటు) పట్టుకోవచ్చు, ప్రకటనల డబ్బు హక్కుదారులకి పోతుంది. దాని గురించి నువ్వేం బెంగ పడకు.

మన దేశంలోనూ కవర్ల కోసం ఒక సెక్షన్ ఉంది. కాపీరైట్ చట్టం 31సి, 2012 సవరణతో వచ్చింది. పాట మొదట రికార్డయిన సంవత్సరం ముగిశాక ఐదేళ్ళు ఆగాలి. తర్వాత ముందుగా నోటీసిచ్చి, ఏడాదికి కనీసం 50,000 కాపీల లెక్కన రాయల్టీ కట్టి చేసుకోవచ్చు. కవర్ అట్ట మీద ఒరిజినల్ గాయకుల పేరో బొమ్మో వేసి కొనేవాళ్ళని తికమక పెట్టకూడదు. కానీ ఇంట్లో కూర్చుని సినిమా పాటకి కవర్ చేసే మన పిల్లలకి 50,000 కాపీల రాయల్టీ ఎక్కడిది? అందుకే మన దగ్గర కవర్లన్నీ మ్యూజిక్ కంపెనీ చూసీచూడనట్టు ఊరుకుంటే బతుకుతాయి, కన్నెర్ర చేస్తే పోతాయి.

చికాగో_చలి
@నల్లకోటు గారు, ర్యాపర్ నికీ మినాజ్ మీద చాప్‌మన్ వేసిన కేసు కూడా చెప్పండి. అది కవర్ కాదు కదా?

నల్లకోటు
అవును, అది వేరే వ్యవహారం. చాప్‌మన్‌దే 'బేబీ కెన్ ఐ హోల్డ్ యూ' పాట ముక్కల్ని వాడుకుని మినాజ్ ఒక పాట చేసింది. అనుమతి అడిగితే చాప్‌మన్ ఇవ్వలేదు. ఆల్బమ్‌లో పెట్టలేదు గానీ 2018లో అది ఒక డీజే చేతికి వెళ్ళి రేడియోలో మోగింది. చాప్‌మన్ దావా వేసింది. స్టూడియోలో ప్రయోగం చేసుకున్నంతవరకు తప్పు లేదని 2020లో జడ్జి అన్నారు, బయటికి పంచిన సంగతి మాత్రం మిగిలింది. 2021 జనవరిలో 4,50,000 డాలర్లు ఇచ్చి రాజీ పడ్డారు.

కాబట్టి ఆవిడ తన పాటల్ని గాలికి వదిలేసే మనిషి కాదు. ఉన్న పాటని ఉన్నట్టు మళ్ళీ పాడటం వేరు, ముక్కలు కోసి వేరే పాటలో అతికించడం వేరు. రెండోదానికి తప్పకుండా అడగాలి.

గోదారి_గట్టు
'బేబీ కెన్ ఐ హోల్డ్ యూ' బాయ్‌జోన్ బ్యాండ్ పాట కాదా?? మా కాలేజీలో ఫేర్‌వెల్‌కి ఎవడో ఒకడు తప్పకుండా పాడేవాడు.

పాతక్యాసెట్
అదీ చాప్‌మన్ మొదటి ఆల్బమ్‌లోదే. బాయ్‌జోన్ వాళ్ళు 1997లో పాడారు, బ్రిటన్‌లో 2 దాకా వెళ్ళింది.

ఢిల్లీ సంగతి కూడా చెప్పాలి. 1988లో మానవ హక్కుల సంస్థ ఆమ్నెస్టీ వాళ్ళు ఐక్యరాజ్యసమితి మానవ హక్కుల ప్రకటనకి 40 ఏళ్ళని ప్రపంచమంతా కచేరీలు చేశారు. స్ప్రింగ్‌స్టీన్, స్టింగ్, పీటర్ గేబ్రియల్, యూసూ న్'డూర్, వాళ్ళతోపాటు ఈవిడ. ఆరు వారాల్లో 20 కచేరీలు. సెప్టెంబర్ 30న ఢిల్లీ జవహర్‌లాల్ నెహ్రూ స్టేడియంలో. అప్పుడు నేను ఢిల్లీలో ఉద్యోగం చేస్తున్నాను. స్ప్రింగ్‌స్టీన్ కోసం వెళ్ళాం, ఈవిడెవరో మాలో చాలామందికి తెలియదు. మా పక్కనున్న పంజాబీ కుర్రాళ్ళు ఆవిడ మొదలెట్టగానే సమోసాలకి లేచారు. రెండో పాటకి వెనక్కొచ్చి కూర్చున్నారు. క్యాసెట్ దొరకడానికి నాకు మరికొన్ని నెలలు పట్టింది. అది అరిగిపోయి ఒకచోట గొంతు సాగుతుంది, ఇప్పుడు ఫోన్‌లో శుభ్రంగా విన్నా ఆ చోట నాకు సాగినట్టే వినిపిస్తుంది.

హాస్టల్_గిటార్
సర్ మీరు లైవ్‌లో చూశారా!! 🙏🙏

చికాగో_చలి
ఇక కోంబ్స్ దగ్గరికి వద్దాం. ఇక్కడ ఆఫీసులో 2023 అంతా దీని మీదే వాదన.

కోంబ్స్ నార్త్ కరొలైనా వాడు, తెల్లవాడు, కంట్రీ స్టార్. చిన్నప్పుడు వాళ్ళ నాన్న ట్రక్కులో చాప్‌మన్ క్యాసెట్ వేసేవాడట, అలా ఇష్టపడ్డ పాట. 2023 మార్చిలో తన ఆల్బమ్‌లో పెట్టాడు. అమెరికా ముఖ్య చార్ట్ బిల్‌బోర్డ్ హాట్ 100లో 2 దాకా వెళ్ళింది, అంటే చాప్‌మన్ ఒరిజినల్ కన్నా పైకి. కంట్రీ రేడియో చార్ట్‌లో నంబర్ వన్. ఒక్కరే రాసిన పాటతో ఆ చార్ట్‌లో మొదటి స్థానానికి చేరిన మొదటి నల్లజాతి మహిళ చాప్‌మన్. నవంబర్‌లో కంట్రీ మ్యూజిక్ అసోసియేషన్ ఇచ్చే సాంగ్ ఆఫ్ ది ఇయర్ కూడా ఆవిడకే, అది రచయితలకి ఇచ్చే అవార్డు. ఆ అవార్డు అందుకున్న మొదటి నల్లజాతి రచయిత.

చదవడానికి బాగుంది. నాకు మింగుడు పడనిది ఏంటంటే, 1988లో ఇదే పాట ఉంది. అదే కథ, అదే గిటార్. పేదలు, కారు, చిన్న ఊరు వదిలి పోవడం, ఇంతకన్నా కంట్రీ పాట ఏముంటుంది? మరి 35 ఏళ్ళు ఆగి ఒక తెల్లాయన పాడితే గానీ కంట్రీ సంగీతానికి కేంద్రమైన నాష్‌విల్‌కి అది కంట్రీ పాట అని ఎందుకు తెలియలేదు?

పాతక్యాసెట్
చికాగో బాబూ, 1988లో దాన్ని కంట్రీ అని ఎవరూ అమ్మలేదు కదా. కంపెనీ కూడా ఫోక్ అనే అంది. గ్రామీ కూడా ఫోక్ ఆల్బమ్‌కే ఇచ్చారు. ఆవిడ నాష్‌విల్ తలుపు తట్టి వెనక్కొచ్చిందా?

చికాగో_చలి
తలుపు తట్టలేదు సర్, నిజమే. కానీ తట్టాలని ఎవరికీ తోచకపోవడం కూడా అందులో భాగమే. ఫోక్, కంట్రీ అనే గీతలు వినేవాళ్ళు గీసినవి కావు, అమ్మేవాళ్ళు గీసినవి. వందేళ్ళ కిందట రికార్డు కంపెనీలు అమెరికా దక్షిణాదిలో నల్లవాళ్ళు పాడితే ఒక కేటలాగ్‌లో, తెల్లవాళ్ళు పాడితే ఇంకో కేటలాగ్‌లో వేసేవి. బ్యాంజో వచ్చిందే ఆఫ్రికన్ వాళ్ళ వాయిద్యం నుంచి.

కోంబ్స్ మీద నాకు కోపం లేదు. ప్రశ్న ఆయన గురించి కాదు.

బీట్_రాజా
అయితే ఆయన ఏం చేసుంటే మీకు నచ్చేది? పాడకపోతేనా? పాడకపోతే ఆ రేడియో డబ్బు కూడా రాదు కదా ఆవిడకి.

చికాగో_చలి
పాడటం నాకు నచ్చింది బ్రో. స్టేషన్ వాళ్ళు కోంబ్స్ తర్వాత ఒక్కసారి ఒరిజినల్ కూడా వేసుంటే ఇంకా నచ్చేది. నేను రోజూ రెండు గంటలు కారులో ఉంటాను, మా వైపు కంట్రీ స్టేషన్లలో ఆవిడ గొంతు ఒక్కసారీ వినలేదు. పాట లోపలికి రానిచ్చారు, మనిషిని కాదు.

మోడరేటర్
చర్చ బాగుంది, ఇలాగే కొనసాగించండి. కోంబ్స్ అభిమానులని ఒకరు తిడుతూ పెట్టిన పోస్ట్ తీసేశాను.

సుస్వర_లహరి
చాప్‌మన్ అయితే ఏమీ నొచ్చుకున్నట్టు మాట్లాడలేదు. కంట్రీ చార్టుల్లో తన పేరు ఉంటుందని అనుకోలేదనీ, కొత్తవాళ్ళు పాటని వెతుక్కుని వచ్చినందుకు సంతోషమనీ చెప్పింది. అవార్డు ఫంక్షన్‌కి మాత్రం వెళ్ళలేదు, ఆవిడ పంపిన నాలుగు మాటలు స్టేజి మీద చదివారు.

నాకు ఈ 'ఒరిజినల్ ఎవరిది' అన్న పట్టుదలే కొంచెం కొత్త. నేను కర్ణాటక సంగీతం చెబుతాను. అన్నమయ్య కీర్తనలు రాగిరేకుల మీద దొరికాయి, పైన రాగం పేరు ఉంది, ఆయన ఎలా పాడాడో మాత్రం దొరకలేదు. రాళ్ళపల్లి అనంతకృష్ణశర్మ గారు, నేదునూరి గారు, బాలకృష్ణప్రసాద్ గారు వరసలు కట్టారు. ఇవాళ మనం పాడేదంతా ఒక లెక్కన కవరే. అయినా కీర్తన చివర వేంకటేశ ముద్ర ఉంటుంది, ఎవరు పాడినా రాసింది ఆయనేనని తెలిసిపోతుంది. అది లేని జానపదాల గతి చూడండి. ఏ పల్లెలో ఏ తల్లి కట్టిందో, సినిమాలో 'జానపదం' అని ఒక్క మాట వేసి ఊరుకుంటారు.

కాబట్టి ఎంతమంది పాడారన్నది నాకు పట్టదు, రాసిన మనిషి పేరు పాటతో పాటు ప్రయాణం చేసిందా లేదా అనేదే చూస్తాను. జోనస్ బ్లూ పాట జిమ్‌లో విన్న అబ్బాయికి చాప్‌మన్ పేరు తెలియలేదు. కోంబ్స్ ప్రతి చోటా ఆవిడ పేరు చెప్పాడు. తేడా అక్కడుంది.

గోదారి_గట్టు
అక్క కొట్టింది సిక్సర్.

బీట్_రాజా
జిమ్‌లో పాటతో పాటు రచయిత పేరు కూడా స్పీకర్‌లో చెప్పమంటారా? 😂 అయినా పాయింటే. నా ప్లేలిస్ట్‌లో బ్రాకెట్‌లో ఆవిడ పేరు పెట్టాను.

హాస్టల్_గిటార్
గ్రామీ ఫంక్షన్‌లో చాప్‌మన్, కోంబ్స్ కలిసి పాడిన డ్యుయెట్ ఇప్పుడే చూశాను. ఇంకా దాని గురించి ఎవరూ ఎత్తలేదేంటి?

చికాగో_చలి
2024 ఫిబ్రవరి 4. ఆవిడ టూర్లు ఆపేసి అప్పటికి దాదాపు పదిహేనేళ్ళు, బయట కనిపించడమే అరుదు. ముందుగా గిటార్ మీద వేళ్ళు చూపించారు, ఆ వరస మొదలైంది, కెమెరా పైకి వెళ్తే నెరిసిన జుట్టుతో ఆవిడ నవ్వు. హాలంతా లేచింది. కోంబ్స్ పాడేది తక్కువ, ఆవిడ వైపు చూసేది ఎక్కువ. ఆవిడ పాడుతుంటే చప్పుడు లేకుండా పెదాలు కలుపుతాడు. చివర్న ఆవిడకి వంగి నమస్కారం పెట్టాడు. ఆ రాత్రికే 1988 రికార్డింగ్ ఐట్యూన్స్‌లో నంబర్ వన్‌కి వెళ్ళింది.

అదే నెలలో బియాన్సే కంట్రీ సింగిల్ వచ్చింది, బిల్‌బోర్డ్ హాట్ కంట్రీ సాంగ్స్‌లో మొదటి స్థానానికి వెళ్ళిన మొదటి నల్లజాతి గాయని ఆమె. నా ప్రశ్న గాల్లోంచి రాలేదని చెప్పడానికే అంటున్నాను.

పాతక్యాసెట్
మా ఆవిడ, నేను ఇద్దరం చూశాం. పాటలో అతని వంతూ ఆమె వంతూ ఎక్కడ విడదీశారో గమనించారా? ఇద్దరు పాడితే ఇది ప్రేమికుల యుగళగీతం అయిపోతుందేమోనని భయపడ్డాను. కాలేదు. ఒక్క అమ్మాయి కథే, ఇద్దరు చెబుతున్నారు.

హాస్టల్ బాబూ, నీ రెండో డౌట్‌కి జవాబు అదే. మాట మార్చకు. కోంబ్స్ గడ్డం పెంచుకుని, చెకవుట్ గర్ల్‌ని అని పాడితే ఎవరూ నవ్వలేదు. నువ్వు ఆ అమ్మాయివి కాదని జనానికి తెలుసు, ఆమె కథ చెబుతున్నావని కూడా తెలుసు. మనవాళ్ళకి ఇది కొత్తేం కాదు. కూచిపూడిలో మగవాళ్ళు సత్యభామ వేషం కట్టి ఆడితే ఊరంతా చూసింది.

సుస్వర_లహరి
అక్షరం కూడా మార్చకు నాన్నా. 'గర్ల్' తీసి 'బాయ్' పెడితే, తర్వాత బార్‌లో కూర్చునేది ఎవరు, పిల్లల్ని చూసుకునేది ఎవరు అన్నది మొత్తం తలకిందులవుతుంది. ఒక్క ముక్క మార్చి మిగతాది అలాగే ఉంచడం కుదరదు.

హాస్టల్_గిటార్
సరే, మార్చను. ఫిక్స్. ఇక వాయించడం ఎలా? యూట్యూబ్‌లో ఒక్కొక్కరు ఒక్కోలా చెబుతున్నారు.

గోదారి_గట్టు
ఇది నా ఏరియా. కేపో (తీగల్ని నొక్కిపట్టే క్లిప్పు) రెండో ఫ్రెట్ మీద పెట్టు. షేప్స్ నాలుగే: సీ మేజర్ సెవెన్, జీ, ఈ మైనర్, డీ. వినిపించే శ్రుతి ఏ మేజర్. కోరస్‌లో కొత్త కార్డ్స్ పెద్దగా రావు, అవే. తేడా కుడిచేతిలో ఉంది. చరణాల్లో తీగల్ని విడివిడిగా వేళ్ళతో మీటాలి, కోరస్ రాగానే స్ట్రమ్మింగ్. చాలామంది మొదటి నుంచే స్ట్రమ్ చేసేస్తారు, అప్పుడు పైన అక్క చెప్పిన కారు కదలదు.

ఇంకోటి. ఆ వరస వేగం చివరిదాకా పెరగకూడదు. స్టేజి మీద కంగారులో ఎవరైనా పరిగెత్తుతారు. కాలితో తాళం వేస్తూ ప్రాక్టీస్ చెయ్. మాటలు తాళం మీద సరిగ్గా పడవు, కాస్త ముందూ వెనకా మాట్లాడినట్టు పడతాయి. కాబట్టి ముందు గిటార్ చూడకుండా, ఎవరితోనైనా మాట్లాడుతూ వాయించగలిగేదాకా అదే వరస తిప్పు. ఆ తర్వాతే పాడు. ఆవిడది లోతైన గొంతు, మగపిల్లలకి ఆ శ్రుతి చాలావరకు సరిపోతుంది. అందకపోతే కేపో జరుపుకో, సిగ్గేం లేదు.

బీట్_రాజా
ఫెస్ట్‌లో సౌండ్ వాడికి ముందే చెప్పు, గిటార్‌కి విడిగా లైన్ కావాలని. ఒక్క మైకు ముందు రెండూ పెడితే ఆ వేళ్ళ మీటు ఎవరికీ వినపడదు. డీజే మాట విను.

హాస్టల్_గిటార్
అన్నలందరికీ, అక్కకి, సర్‌కి థాంక్స్. ప్రాక్టీస్ మొదలెట్టాను, రూమ్మేట్ దుప్పటి ముసుగేశాడు.

నల్లకోటు
వేరే కవర్లలో ఎవరికి ఏవి ఇష్టం? నాకు బ్లాక్ ప్యూమాస్ వాళ్ళది. ఎరిక్ బర్టన్ కూడా వీధుల్లో పాడి పైకొచ్చినవాడే, అది గొంతులో తెలుస్తుంది.

చికాగో_చలి
షియూ షియూ అని ఒక బ్యాండ్ 2003లో చేసింది. దాదాపు గుసగుసలాగా పాడతాడు, పక్కన ఎవరూ లేనప్పుడు వినండి. కోంబ్స్‌ది దానికి పూర్తి వ్యతిరేకం, నిండు బ్యాండు, ఒరిజినల్‌కి చాలా దగ్గర. నా ఫిర్యాదు ఒక్కటే. ఆయన గొంతు మరీ దృఢంగా ఉంటుంది. ఈ మనిషి ఎలాగైనా గట్టెక్కుతాడులే అనిపిస్తుంది. చాప్‌మన్ గొంతు వింటే ఆ భరోసా ఉండదు.

పాతక్యాసెట్
నాకు కోంబ్స్ గొంతులో వాళ్ళ నాన్న ట్రక్కు వినిపిస్తుంది. మీకు వినపడకపోతే నేనేం చేయను.

మొదటి ఆల్బమ్‌ని 2025 ఏప్రిల్‌లో మళ్ళీ ఎల్‌పీగా వేశారు. మా అబ్బాయి తెప్పిస్తానన్నాడు, ప్లేయర్ ఎక్కడుందిరా అంటే ముఖం వేలాడేశాడు.

గోదారి_గట్టు
ఫాస్ట్ కార్ తర్వాత ఈవిడవి ఏం వినాలి? ఒక్కటి చెప్పండి, లిస్ట్ వద్దు.

సుస్వర_లహరి
అదే ఆల్బమ్‌లో నాలుగోది, 'బిహైండ్ ది వాల్'. గిటార్ లేదు, ఏ వాయిద్యమూ లేదు, వట్టి గొంతు. గోడ అవతల ఒక ఇంట్లో రాత్రి అరుపులు వినిపిస్తాయి. పోలీసుల్ని పిలిచి లాభం లేదు, వస్తే ఆలస్యంగా వస్తారు, వచ్చినా మొగుడూ పెళ్ళాల గొడవల్లో తాము తలదూర్చలేమంటారు. రెండు నిమిషాల లోపే అయిపోతుంది. మధ్యలో నిశ్శబ్దం వస్తుంది, నెట్ ఆగిందనుకుని ఫోన్ నొక్కకు, పాట ఇంకా ఉంది.

గోదారి_గట్టు
విన్నాను. దీనికి కవర్లు ఎవరైనా చేశారా అక్కా? చేస్తే దేనితో చేస్తారు, వాయించడానికి ఏమీ లేదుగా.